బుడేన్ వంపు

ఎన్జీ కాలేజీ గ్రౌండుల పొద్దుగాల ఐదున్నరకు
యాదీశ్వర్ సారు జపాను అంకెలు లెక్కవెడుతుండె.
ఇచ్. నీ. సాన్.
నలుపై పిడికిళ్ళు ఒక్కటే గాలిని గుద్దేటివి.
భుజం కిందికి, చూపు ఎదురుంగ,
మోచెయ్యి గీత గీసినట్టు ఉండాలె అంటుండె.
గీత లెక్కనే ఉన్న.
బ్రౌను బెల్టు దాకా వచ్చిన
ఎవ్వర్నీ కొట్టకుంటనే.

నుస్రత్‌ది తైక్వాండో.
చేతులున్న సంగతే ఆమెకు యాదికుండది,
కాలే ఆమెకు నోరు.
లతీఫ్ సాబు గుట్ట మెట్ల మీద కూసొని
చెయ్యి గొప్పదా కాలు గొప్పదా అని కొట్లాడినం
ఉప్పుకారం జల్లిన జామకాయ అయిపోయేదాకా.
గెలిచింది మాత్రం కాయలమ్మే ముసలమ్మ:
"రెండూ లేవక మంచంల వడ్డ మా ఆయిన్ని అడుగుండ్రి."

ఎండకాలం సెలవులకు మర్రిగూడ బస్సెక్కిన.
చండూరు దాటినంక బత్తాయి తోటలు, ఆ తర్వాత వట్టి రాళ్ళు,
ఆ రాళ్ళకవతల అమ్మమ్మోళ్ళ ఊరు,
ఊరి చివర బుడేన్ సాబు.
పీరీల ముందట కర్ర తిప్పేటాయిన.
ఆముదం తాగి నల్లవడ్డ వెదురు,
మనిషి కంటె జానెడు పొడుగు.
"బెల్టెందుకు పిల్లా, ప్యాంటు జారుతదా?"
నేలను ముట్టి కండ్లకద్దుకోమన్నడు.
అంతే. అంకెలు లేవు.
నోటితోనే డప్పు: దన్ దనక, దనక దన్.
ఆ దనక మీదనే అడుగు వడాలె.

నేను చెయ్యి సాపితే
"ఏందే అది, బట్టలారేసే దండెమా?
మోచెయ్యి వంచు. పక్కటెముకలకు ఆనియ్యి. ఇట్ల."
కర్ర ఆ వంపుల నుంచే పుడుతది,
తిరిగి ఆడికే పోతది
పాము పుట్టలకు పోయినట్టు.
శిష్యులు పదకొండు మంది,
అందరి మోచేతులు గట్లనే.
పక్క ఊరోళ్ళు సూడంగనే పట్టేటోళ్ళు
"వీళ్ళది బుడేన్ వంపు" అని.

నోట్‌బుక్కుల రాసుకున్న:
కరాటే బలం నడుముల, తైక్వాండో బలం తుంటిల,
బుడేన్ సాబు కర్ర బలం మోచేతిల. ఎందుకు?
పెన్ను ఆడ ఆగింది.
తర్వాత నేనే ఒక సిద్ధాంతం అల్లిన:
ఇరుకు గల్లీల కోసమని,
పీరీల గుంపుల పక్కోనికి తాకకుండనని.
మంచిగనే ఉండె సిద్ధాంతం.

ఒకనాడు ఆయిన నీళ్ళు తాగుతుంటే సూసిన.
చెంబు నోటి దాకా రాలే,
నోరే చెంబు కాడికి పోయింది.
మెడ తిరగక మొత్తం మనిషే వంగిండు.
కాసింబీ బియ్యం చెరుగుకుంట చెప్పింది:
"మా పెండ్లప్పుడు సక్కగనే ఉండె.
బోరింగు నీళ్ళు బిడ్డా.
ముప్పై ఏండ్లకే చేతులు వంగినయి.
కర్ర ఇడువుమంటే ఇడువలే.
చెయ్యి పోనికాడికి కర్రను పొమ్మన్నడు."

ఆ రాత్రి సిద్ధాంతం కొట్టెయ్యలే.
దాని కింద ఒక్క ముక్క రాసిన: నీళ్ళు.

కిష్ణ నీళ్ళు తాగి పెరిగిన పోరగాండ్లు పదకొండు మంది,
మంచి ఎముకలు,
ఆయిన నొప్పిని సోకుగ తిప్పుకుంట తిరుగుతున్నరు.
మరి మా కటాల మూడో అడుగుకాడ
అర నిమిషంల పావువంతు ఆగుతం గదా,
అది ఎవ్వరి మోకాలు?
ఏ దీవిల ఏ ముసలాయనకు
ఏ కీలు పట్టేసింది?
సారునడిగిన.
"ఆగకపోతే గ్రేడింగుల మార్కులు పోతయి" అన్నడు.

జూన్‌ల మల్ల గ్రౌండు. మట్టి వాసన.
ఇచ్, నీ, సాన్‌ల నడుమ
నా లోపల దనక దన్.
"మణెమ్మా, మోచెయ్యి!"
సాపిన.
పోయినంత దూరం పోయింది చెయ్యి,
సక్కగ, సులువుగ, ఏ నొప్పీ లేకుంట.
పోయినందుకే
కొంచెం సిగ్గయింది.