ముట్టిందా?

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాను.
ముప్పై ఒక్క గిగాబైట్లు.
తరావా భూమి కోర్టు రిజిస్టర్లన్నీ:
ఎవరి కొబ్బరి వరస ఎక్కడ ఆగుతుందో
ఎవరి బబాయి దుంపల గుంత ఏ రాయి దగ్గర మొదలవుతుందో
మేనమామల తగాదాలు, వేలిముద్రలు,
పురుగు కొట్టిన అంచులతో సహా
పేజీ పేజీకీ ఫొటో.

సువాలో ఒక ప్రతి ఉండాలన్నారు పైవాళ్లు.
ఎందుకని ఎవరమూ అడగలేదు.
ఫిబ్రవరి పోటుకి ఉప్పునీళ్లు
బీరువా కింది అరను చూసి వెళ్లాయి కదా.

తెర మీద లెక్క:
ఇంకా మూడు రోజుల పద్నాలుగు గంటలు.

దారి ఇరుకనుకున్నాను.
కాదు, దారి బోసిగా పడి ఉంది,
ఆదివారం మధ్యాహ్నం మా రోడ్డులా.
ఇరుకంతా యంత్రం మొహమాటంలో ఉంది.
ఒక గుప్పెడు పంపుతుంది
చేతులు కట్టుకుని నిలబడుతుంది:
"ముట్టిందా?"

పంపిన గుప్పెడు ముప్పై ఆరు వేల కిలోమీటర్లు ఎక్కాలి
ఉపగ్రహాన్ని తాకి మళ్లీ అంతా దిగాలి.
"ముట్టింది" అనే జవాబూ
అదే నిచ్చెన ఎక్కి దిగి రావాలి.
అర సెకను, ఆపైన కాస్త.
అర సెకను ఎంతని!
తుమ్ము వచ్చే ముందు ఆగేంత.
కానీ గుప్పెడుకో తుమ్ము చొప్పున
ముప్పై ఒక్క గిగాబైట్లు తుమ్మి చూడండి.

రాత్రి కాపలాకి వచ్చిన బరనికో
టార్చి ఆర్పి, నా వెనక నిలబడి
కదలని ఆకుపచ్చ గీతను చూశాడు.
ఒకప్పుడు ఓడ సరుకు దించిన మనిషి.
"ఏమంటుంది?"
చెప్పాను.
నవ్వలేదు. అతనికి కోపం వచ్చింది.

"పగడపు దిబ్బ మీద నడుం లోతు నీళ్లలో
నలభై మందిమి వరసకట్టి
బియ్యం బస్తాలు చేతులు మార్చేవాళ్లం.
మొదటివాడు ఒక్కో బస్తాకీ ఆగి
చేరిందా అని ఒడ్డుకి కేకేస్తే
ఆటు కాస్తా పోటయ్యేది.
నా చేతులు ఎప్పుడూ ఖాళీగా లేవు, అరోయితా.
లెక్క ఒడ్డున ఉండేది.
ఒడ్డున మా అత్త.
తడిసిందో పోయిందో, దాని నంబరొక్కటే అరిచేది."

గుప్పెడుని గంప చేశాను.
ఒక వరసని ఎనిమిది వరసలు చేశాను.
జవాబు వచ్చేలోపు దారి నిండా సరుకుండాలి,
అంతే, అంతకంటే మంత్రమేం లేదు.
గీత కదిలింది.
ఏడు గంటలు అంది తెర.
బరనికో ఏమీ అనకుండా
తన ఫ్లాస్కులోంచి నాకూ టీ పోశాడు.

రెండింటికి వాన.
డిష్ మీద రేకు మోగినట్టు మోగింది.
ఇదివరకైతే మొదటికి వచ్చేది కథంతా,
ఒకటో పేజీ నుంచి.
ఈసారి ఆగింది, వాన వెలిశాక లేచింది,
ఎక్కడ వదిలిందో అక్కడే పట్టుకుంది.
తెల్లారేసరికి అటు నుంచి చిన్న జాబితా:
పోయిన ముక్కలు పందొమ్మిది.
వాటినే పంపాను.
పద్దెనిమిది నిలబడ్డాయి.
నాలుగు వేల నాలుగు వందల పదిహేడోది
మూడుసార్లు పోయింది.
ఎవరి నేలో మరి, ఊరు దాటనంది.
నాలుగోసారికి వెళ్లింది.

అసలు పుస్తకాలు ఇక్కడే ఉన్నాయి,
తడి వాసనతో, బీరువా పై అరలో.
బరనికో వాటిని ఒకసారి తట్టి చూశాడు,
బరువు తగ్గిందేమోనని.

సువా నుంచి సెరెయిమా ఫోను.
"చెక్‌సమ్ సరిపోయిం—" అంటోంది,
నేనూ అప్పుడే "చూశా—" అన్నాను,
ఇద్దరం ఆగాం, ఇద్దరం "నువ్వు చెప్పు" అన్నాం,
మళ్లీ ఇద్దరం ఆగాం.
ఆ అర సెకనులో సముద్రం వినిపించింది,
అటుదో ఇటుదో తెలియలేదు.

ఇక ఆగదలచుకోలేదు.
రాత్రి వాన సంగతి, పదిహేడో ముక్క సంగతి, టీ సంగతి
వరసపెట్టి చెప్పుకుపోయాను.
ఆమె కూడా తన గోల మొదలెట్టింది.
పైన ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని
రెండూ చేరాయి.