పదిహేడో నంబరు

ఖాళీ బుట్ట గోడకి ఆనించి
పెద్దాసుపత్రి మెట్లెక్కి వస్తుంది మైలపల్లి పరదేశమ్మ,
ఆర్నెల్లకోసారి.
ఎడమ చెయ్యే చాపుతుంది.
కుడిచెయ్యి చేపల కత్తిది, ఎవరికీ ఇవ్వదు.
"ఈపాలైనా సెప్పు బావూ,
ఎన్నాళ్ళుంటాది నాలో అది?"
మా రిజిస్టర్లో ఆవిడ పదిహేడు.

మొదటిసారి వచ్చేసరికి జ్వరం దిగి నెల.
వంజరం వాసనైనా తెలియని ముక్కుతో
పూర్ణా మార్కెట్లో కూర్చుని
ఏ చేప మెత్తబడిందో పక్కావిడని అడిగేదట.
అప్పుడు ఆవిడ నెత్తురు నిండా కాపలావాళ్ళు,
పండగ ముందు జగదాంబ సెంటరంత కిక్కిరిసి.
ఆర్నెల్లకి సగం.
ఏడాదికి ఆ సగంలో సగం.
నేను అంకె రాస్తాను,
ఆవిడ నా మొహం చదువుతుంది.
"అరిగిపోనాదా?"

అరగలేదమ్మా.
గొడవ సద్దుమణిగితే బారికేడ్లు ఎత్తేసినట్టు
వెళ్ళిపోయారంతే.
ఏ కొద్దిమందో ఎముక మూలగలో
గది అద్దెకి తీసుకుని ఉండిపోతారు.
నా సూదికి దొరకరు వాళ్ళు.
నేనూ పుస్తకంలో చదివిందే.

"అయితే మా మావలాగే" అంది.
మామ ఎల్లాజీ.
యారాడ కొండ కొసకి లైటుహౌసు సూటిగా చేర్చి,
ఇటు పేట వెనక తాడిచెట్టుకి
కైలాసగిరి మొన తగిలించి,
రెండు చూపులు కలిసేచోట వల దించేవాడట.
అడుగున రాళ్ళు. రాళ్ళ నిండా చేప.
"ఇప్పుడు నన్నే ఎవర్తివే అంటాడు.
తెప్పెక్కిస్తే మాత్రం
సెయ్యి అటే లేస్తాది."

ఈసారి ఆయన్నీ తీసుకురమ్మన్నాను.
ఇనప స్టూలు మీద కూర్చుని
గోడ మీది గడియారాన్ని వాతావరణం చూసినట్టు చూశాడు.
ఆరేళ్ళప్పుడు వీధంతా తట్టు పోసిందట.
చెల్లెలు పోయింది, ఈయన లేచాడు.
ఇంతకు మించి కోడలికీ తెలియదు.
సాయంత్రం కిట్టు తీసి చూస్తే
రంగు తేరింది, చిక్కగా.
డెబ్భై ఏళ్ళ పైమాట!
చెల్లెలి పేరు పోయింది,
చెల్లెల్ని తీసుకుపోయినది మాత్రం
ఇంకా గుర్తుంది ఆ ఒంటికి.
మధ్యలో మనవల వీపుల మీద
అది మళ్ళీ కనబడి గుర్తుచేసిందేమోనని
మా డాక్టరమ్మ అనుమానం.
కావచ్చు.

మరి నాదెందుకు నిలవదంటుంది పరదేశమ్మ.
తట్టు ఏనాడూ మొహం మార్చుకోలేదు.
ఇది ఏడాదికో వేషం.
హుద్‌హుద్‌కి కొండ మీద చెట్లు పోయాయి,
తాడిచెట్టున్నచోట పన్నెండంతస్తులు లేచాయి,
మొన్న ఎల్లాజీ చెయ్యి ఎత్తితే
వేలు ఎవరి బాల్కనీకో తగిలింది.
చెయ్యి మరవలేదు.
ఒడ్డే మారింది.

అయినా లేచిందిగా చెయ్యి.
మూడో ఏడు మళ్ళీ సోకింది ఆవిడకి.
రెండు రోజులు ఒళ్ళు కాలింది,
ఊపిరి జోలికి పోలేదు.
నాలుగో రోజు బేరాలు.
మూలగలో గది తీసుకున్నవాళ్ళు
ఆ రాత్రి లేచే ఉంటారు,
చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ,
కొంచెం ఆలస్యంగా.

ఎన్నాళ్ళని చెప్పను.
సీసా మీద పదిహేడు రాసి,
ఏడో రాక అని రాసి,
మైనస్ ఎనభైలో పెట్టి తలుపు మూశాను.
నాకు తెలియదు పరదేశమ్మా, అన్నాను.
మొదటిసారి ఆ మాట పైకి అన్నాను.
ఆవిడ కోప్పడలేదు.
మామ చేతి మీది దూది సర్ది
గట్టిగా గాలి పీల్చింది.
"ఏటి బావూ, మీ గదంతా ఫినాయిలు కంపు!"
ఆ కంపు తగిలినందుకు ఎంత సంబరమో మొహంలో.
బుట్ట నెత్తికెత్తుకుంటూ వెనక్కి తిరిగింది:
"రేపు కానాగంతలు తెస్తాను,
మీ పెట్టెలో ఐసు బాగా కడతాదంట కదా?"