పది కిలోల ముచ్చికలు

బ్రాడీపేట నాలుగో లైను మొదట్లో
బజ్జీల బండి పక్కన కొత్త బండి.
గులాబీ రంగు బోర్డు మీద తెలుగులో టాకో అని,
కింద కొరియా వాళ్ల సున్నాలూ గీతలూ.
అఫ్రీన్ చదివి చెప్పింది.
ఫోన్లో సీరియళ్లు చూసి చూసి
ఆ పిల్లకి ఆ సున్నాలు పట్టుబడ్డాయి.

ఒకటి నూట ఇరవై.
నూట ఇరవై అంటే నాకు పది కిలోల ముచ్చికలు.
కోల్డ్ స్టోరేజీ రేకుల కింద
పొద్దున ఏడింటికి కూర్చుంటే
క్యారేజీ విప్పే వేళ దాటిపోతుంది.

"నేనిస్తాలే అత్తా, జీతం పడింది" అంది.
చెప్పుల షాపులో మొదటి జీతం.
వాళ్లమ్మ బీబీజాన్, నా పక్క గోనె మీద కూర్చునే మనిషి,
రానని ఇంటికి పోయింది.
నేను కాదనలేకపోయాను.
పిల్ల ముచ్చట.

బండి కుర్రాడి పేరు బాజీ.
పెనుకొండ దగ్గర కార్ల కంపెనీ వాళ్ల గెస్ట్‌హౌసులో
మూడేళ్లు గిన్నెలు తోమి, రెండేళ్లు కూరలు తరిగి
కళ్లతో నేర్చుకొచ్చిన వంట.
పెనం మీద మొక్కజొన్న రొట్టె కాల్చి
మధ్యకి మడిస్తే
తమలపాకు చిలకలా నిలబడింది.
లోపల కోడి ముక్కలు, ఉల్లికాడలు,
పులిసిన క్యాబేజీ, వేయించిన నువ్వులు,
పైన సీసాలోంచి ఎర్రటి ముద్ద.

ఆ ఎరుపు దగ్గర నా చూపు ఆగిపోయింది.
ముప్ఫై ఏళ్లుగా ఎరుపులోనే కూర్చున్నదాన్ని.
తేజ సన్నగా ఉండి కొడుతుంది, కోపం మనిషి.
బాడిగ ముడతలు పడ్డ ముసలామె,
రంగే గానీ నోరు చేయదు.
మూడు నలభై ఒకటి ఎవరింట్లోనైనా సర్దుకుపోతుంది.
ఇది వీటిలో ఏదీ కాదు.

"ఏ ఊరి కాయ అబ్బాయ్?"
"కొరియా నుంచి డబ్బాలో వస్తుందక్కా.
మిరప్పొడీ, జిగురు బియ్యం, సోయా కలిపి
కుండల్లో నెలల తరబడి మాగేస్తారు."

అవతల మిర్చియార్డులో
టిక్కీలు టిక్కీలుగా లారీలెక్కి ఓడలెక్కి పోతుంటే
ఇక్కడ డబ్బాలోంచి ఇంకో ఊరి కారం దిగిందా!
నవ్వొచ్చింది.
నవ్వితే దగ్గొచ్చింది.
సీజను దగ్గు, మే దాటేదాకా పోదు.

కొరికాను.
ముందు తీపి.
కారంలో తీపేమిటి, పెళ్లిచూపుల్లో మాట్లాడినట్టు?
తర్వాత పులుపు.
గోంగూర పులుపు కాదు,
మా అమ్మ తరవాణి కుండ మూత తీస్తే
వీధి దాకా వచ్చేదే, అది.
ఆ పులుపు వెనకాల
తలుపు తోసుకుని వచ్చింది కారం.
పెదాల చివర్ల నుంచి చెవుల దాకా,
కణతలు కొట్టుకునేట్టు.

"నాకేం లేదే, తియ్యగానే ఉంది" అంది అఫ్రీన్.
బాజీ నీళ్లు అందిస్తూ కంగారుపడ్డాడు.
"ఎక్కువేశానా అక్కా?"
వాడు వేసింది చెంచాడు.

అప్పుడు చూసుకున్నాను నా చెయ్యి.
గోళ్ల సందుల్లో పొద్దుటి తేజ.
సబ్బుకి పోదు, మజ్జిగకి పోదు,
కొబ్బరినూనెకి కాస్త ఊరుకుంటుంది.
సీజనంతా అన్నం చెంచాతో తింటాను.
కళ్లు మోచేత్తో తుడుచుకుంటాను.
మా వీధిలో చంటిపిల్లల్ని
ఉగాది ముందూ వెనకా నా చేతికివ్వరు.
టాకోకి చెంచా లేదుగా.
రొట్టె పట్టుకున్న ప్రతి వేలూ
తన వంతు వేసింది.

వాడికి చెప్పలేదు.
"బానే ఉంది. పైన చిటికెడు తేజ చల్లి చూడు.
ముచ్చికలు తీసిన కాయే కొను,
తియ్యనిది తూకం ఎక్కువ, రుచి తక్కువ" అన్నాను.
వాడు ఫోన్లో రాసుకున్నాడు,
డాక్టరు చెప్పినట్టు.

అఫ్రీన్ ఇంకోటి చెప్పింది, సగం సగం.
ఈసారి కాగితం చుట్టి పట్టుకున్నాను.
నిజమే, తియ్యగానే ఉంది.
రెండు కొరుకులు తిని
కాగితం తీసేశాను.