పదకొండు గ్రాములు

బాలానగర్ల మా షెడ్డు.
కూలర్ల డొక్కులు, ఫైబర్ తలుపులు,
ఒక్కోసారి గణపతి మండపానికి ఏనుగు తల.
ఏప్రిల్‌ల ఒక పొద్దు తబిత వచ్చింది సైనిక్‌పురి నుంచి,
చేతిల కాగితం, దాని మీద
రెండు పొడుగాటి నాలుకలు.
"స్కీలు" అన్నది. "మంచు మీద నడిచేటియి."

మా ఓనరు భూమారెడ్డి నవ్విండు.
బయట నలభై రెండు డిగ్రీలు,
రేకుల మీద కాకి కూడ నిలబడ్తలేదు.

ఆమె పని మంచును కొలుసుడట.
ఎండకాలం నదికి ఎన్ని నీళ్ళొస్తయో
చలికాలమే గుంట తవ్వి చూస్తదట.
ఆడ లిఫ్టు ఉండదు, తొవ్వ ఉండదు.
"ఎక్కేటప్పుడు ఒక్కొక్క గ్రామును
వెయ్యిసార్లు లేపాలె అన్నా."
ఆ మాట నాకు సమజైంది.
మా అమ్మ ఇటుకలు మోసింది చాన ఏండ్లు.
ఇటుక ఒక్కటే,
నాలుగో అంతస్తుల దాని బరువు వేరు.

చెక్క కోసం నిర్మల్ పోయిన.
బొమ్మలు చేసే పొనికి చెక్క,
చేతిల పెడితే ఉన్నదా లేదా అని
ఇంకో చెయ్యితోని తడిమి చూసుకోవాలె.
"ఎన్ని చిలుకలు చేస్తవ్?" అన్నడు అమ్మేటోడు.
"రెండే. మనిషంత పొడుగు."

పైనొకటి కిందొకటి నల్ల కార్బన్ గుడ్డ.
పగలు రెజిన్ కలిపితే
గిన్నెలనే గడ్డకట్టి పొగలొస్తది,
అందుకే పని రాత్రి రెండింటికి.
గిన్నె కింద ఐస్ ఫ్యాక్టరీ గడ్డ పెట్టినం.
మంచు కోసం చేసే పనిల మేము చూసిన మంచు అంతే,
రంపపు పొట్టు అంటిన సగం గడ్డ.

పక్కనే దస్తగిరి పరుపుల దుకాణం.
ఇంకా విల్లుతోనే ఏకుతడు.
కొత్త మంచు ఎట్లుంటదని అడిగితే తబిత
అప్పుడే ఏకిన కుప్పల మోచేతి దాక చెయ్యి పెట్టింది:
"గిట్ల. కాని ఇంకా చల్లగ, ఇంకా మోసంగ."
దస్తగిరి ఉన్న దూదంత నడుమెత్తు పరిచిండు.
నేను కాలు పెడితే తొడ దాక దిగిన.
స్కీలు తొడిగి ఆమె నిలబడింది.
దూది ఉస్సుమన్నది, కొంచెం వంగింది,
ఆగింది.
పడవ లెక్క ముక్కులు పైకి తేలినయి.
దస్తగిరి గడ్డం గీక్కున్నడు:
"అరిపాదం వెడల్పుంటే
దూది ఎవర్నైనా మోస్తది బిడ్డా."
రెండు పరుపుల దూది నల్లగైంది ఆ రోజు. పైసలు తీసుకోలే.

ఎక్కనీకి కింద అంటించే బొచ్చు పట్టీలు ఆమెనే తెచ్చింది.
ముందుకు నిమిరితే జారుతయి, ఎనక్కి నిమిరితే పట్టుకుంటయి.
మా షెడ్డు పిల్లి వీపు సుత గంతే.
మడమకు ఒక గొళ్ళెం:
ఎక్కేటప్పుడు ఇడువాలె, దిగేటప్పుడు బిగియ్యాలె.

ఇగ చెప్పాల్సింది చెప్త.
కంసాలి నాగభూషణం త్రాసు మీద
కుడిది పదకొండు వందల తొంభై గ్రాములు,
ఎడమది పన్నెండు వందల ఒకటి.
ఎడమది చేసిన రాత్రి
దస్తగిరి దిక్కు నుంచి గాలి తిరిగింది,
ఒక దూది పోగు తడి రెజిన్ల వాలింది.
తీద్దామని వేలు పెట్టి ఎందుకో ఆపిన.
దాని మీదనే గుడ్డ పరిచి
మచ్చ కనబడకుంట ఇంకో పూత పూసిన.
దూది పోగుకు బరువుంటదా?
పూతకుంటది.
ఆమెకు చెప్పలే.

జనవరిల ఫోటో పంపింది.
ఏది కొండో ఏది మబ్బో తెల్వని తెలుపు,
మీదికెల్లి కిందికి పక్కపక్కన రెండు గీతలు.
"మంచిగున్నయన్నా" అని రాసింది.
"ఎడమది మాత్రం
మలుపుకాడ ఒక్క ఊపిరి ఆలస్యం."

ఫోటోను పెద్దగ చేసి, ఇంకా పెద్దగ చేసి చూసిన.
ఎడమ గీత లోతుగున్నదో
నాకే గట్ల కొడుతున్నదో.
పక్కన దస్తగిరి విల్లు టంగు టంగుమంటున్నది.
"అలవాటైతది తల్లీ" అని రాసి,
చెరిపేసి,
కూలర్ డొక్కుకు ఇసుక కాగితం పట్టిన.