బోరా గాలికి కట్టిన చెట్టు

ఎర్వీనో క్షౌరశాల గుమ్మానికి ఎడంపక్క
నా నడుమెత్తు మట్టికుండీలో ఒక లిగుస్త్రో.
వేరేచోట ప్రివెట్ అంటారట.
ఆకు ఆకుకీ పసుపు అంచు,
నూనె రాసి దువ్వినట్టు నిగనిగ.
చలికాలం త్రియెస్తే వీధులన్నీ బోడిగుండ్లయినా
ఇదొక్కటీ జుట్టు రాల్చదు.

నేనక్కడ ఊడ్చేవాణ్ణి.
జుట్టూ ఆకులూ ఒకే చేటలోకి ఎత్తేవాణ్ణి.
ఆయన నాకు ముందు నేర్పింది గడ్డం గీయడం కాదు,
మట్టిలో వేలు దింపడం.
"రెండో కణుపుదాకా తడి తగలకపోతేనే నీళ్లు.
దాహముందో లేదో చూడకుండా పోసేవాడు
తోటమాలి కాడురా, సారాకొట్టువాడు."

తలకీ చెట్టుకీ మధ్య
కత్తెరను స్పిరిట్‌తో తుడిచేవాడు.
సముద్రపు ఉప్పూ బస్సుల మసీ పట్టిన ఆకుల్ని
షేవింగయ్యాక చెంపలద్దే తువ్వాలుతోనే
ఒక్కొక్కటీ అద్దేవాడు.
పసుపంచు లేని ఒట్టి పచ్చకొమ్మ ఒకటి
ఏటా మొదట్లోంచి లేచేది,
తోబుట్టువుల కూడంతా తానే మెక్కి.
"బలంగా ఉంది కదా, ఉంచుదాం" అన్నానొకసారి.
"అందుకే" అని కోసేశాడు.

జూన్‌లో పూసేది.
తెల్లటి గుత్తులు, నూకల్లాంటి పూలు.
వాసన మాత్రం, ఎలా చెప్పను,
తేనెలో ఎవరో పాతబట్టలు నానబెట్టినట్టు.
పై అంతస్తులో నీవెస్
కిటికీ తలుపులు ధడేల్మని మూసేది.
నగరపాలక సంస్థకి మూడు ఉత్తరాలు రాసింది:
తలనొప్పి, తుమ్ములు, తేనెటీగలు.
కాయలకాలంలో నాలుగోది:
నల్లపిట్టలు అవి తినొచ్చి
ఆరేసిన దుప్పట్ల మీద ఊదారంగు సంతకాలు పెడుతున్నాయని.
మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ
ఎండావానల ఊసైనా ఎత్తేవాళ్లు కాదు.

ఫిబ్రవరిలో బోరా వచ్చింది.
జనం పట్టుకు నడవడానికి
వీధి మలుపుల్లో తాళ్లు కట్టారు.
ఎర్వీనో తాడు పట్టుకోలేదు.
ఒకే పూట, ఒకే గాలి
ఆయన కుడి మణికట్టునీ కుండీనీ విరిచింది.
తొమ్మిది వారాలు షట్టరు ఎత్తలేదు.

ఏప్రిల్లో వచ్చి చూస్తే
చెట్టు నిలబడే ఉంది.
కుండీ పగులు చుట్టూ ఇనపతీగ మెలి.
కాండాన్ని వానగొట్టానికి కట్టిన సిల్కు టై,
నీలం మీద తెల్లచుక్కలు.
ఆ టైని ఎర్వీనో ఎరుగును.
నీవెస్ మొగుడు బతికున్నన్నాళ్లూ
రెండు వారాలకో శనివారం
దాన్ని వదులుచేసి మెడకు తెల్లగుడ్డ చుట్టింది ఆయనే.

కానీ తల!
సైన్యంలో చేరబోయేవాడిలా గొరిగేసి ఉంది.
నెత్తిమీద జెండాలాగా
ఒట్టి పచ్చకొమ్మ ఒక్కటే.
"ఎవరు చేశారీ క్షవరం?"
కట్టుకట్టిన చెయ్యి ఊపుతూ వీధంతా వినేలా అరిచాడు.
పై కిటికీ తెరుచుకుంది.
"నేనే. ఎండిన కొసలు తీసేశాను.
ఆ పచ్చది ముచ్చటగా ఉందని ఉంచాను.
నీళ్లూ పోశాను, వేలు పెట్టి చూసే.
ఇన్నేళ్లూ పైనుంచి చూస్తున్నాగా, నువ్వేం చేస్తావో."

ఎర్వీనో నోరు తెరిచాడు, మూశాడు,
కత్తెర తెమ్మన్నాడు.
ఎడంచేత్తో ఆ కొమ్మదాకా వెళ్లి ఆగాడు.
"వచ్చే వారం" అన్నాడు.
ఆ వారం ఇంకా రాలేదు.

జూన్ పన్నెండో, పదమూడో.
ఊడుస్తుంటే పైనుంచి పిలుపు.
"ఏమబ్బీ, వాసన రాలేదే?
పొద్దుట్నుంచీ కిటికీ తీసుకు కూర్చున్నా."
"పూసే కొసలన్నీ మీరే కోసేశారు కదండీ."

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఒక పెరుగు కప్పు చూపించింది,
మట్టి నింపి, జానెడు పుల్ల గుచ్చి,
రెండే ఆకులు, రెంటికీ పసుపంచు.
"మరి ఇదెన్నాళ్లకు?"

లోపలికెళ్లి అడిగాను.
సబ్బునురగ కలుపుతున్నాడు,
తిరిగి చూడకుండా, అద్దంలోంచే అన్నాడు:
"నాలుగేళ్లు.
వేలు పెట్టి చూస్తూ ఉండమను."