తిత్తి

కోపెన్‌హాగెన్, యాభై రెండు, సెప్టెంబరు. పోలియో.
వార్డు నిండా ఊపిరి ఆడనివాళ్ళు,
ఇనప యంత్రం ఒక్కటే.
అందుకని మమ్మల్ని పిలిచారు,
వైద్యం చదివేవాళ్ళని, ఖాళీ చేతులున్నవాళ్ళని.

పదిహేడో మంచం నాది.
ఎల్సెబెత్, పదకొండేళ్ళు,
రేవులో చేపలు పొగబెట్టి అమ్మేవాడి కూతురు.
మెడ కింద చిన్న కన్నం, కన్నంలో గొట్టం,
గొట్టం చివర రబ్బరు తిత్తి,
తిత్తి చివర నేను.

నొక్కు. వదులు.
నిమిషానికి పద్దెనిమిది.
లెక్క తప్పితే ఆమె కళ్ళు పెద్దవవుతాయి.

మే నెల పరీక్షలో ఇదంతా రాశాను:
శ్వాసనాళానికి ముందువైపు గుర్రపు లాడాల్లాంటి మృదులాస్థి,
వెనక మెత్తన, అన్నం ముద్దకి చోటిస్తూ.
కుడి తిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండే,
గుండె సర్దుకోమంటే సర్దుకుంది కాబోలు.
ఒక్కో కొమ్మా రెండై, రెండూ నాలుగై,
ఇరవై మూడుసార్లు చీలి చీలి
చివర వాయుగోణులు, వెంట్రుక కన్నా పల్చని గోడలు.
మార్కులు బాగానే వచ్చాయి.

కఫం అడ్డుపడితే తిత్తి ఎలా మొరాయిస్తుందో,
నర్సు పీల్చి తీశాక పిండిముద్దలా ఎలా లొంగుతుందో
అందులో రాసి లేదు.

మామూలుగా గాలిని ఎవరూ తొయ్యరు.
బోర్లించిన మూకుడులాంటి కండరం ఒకటి కిందికి దిగుతుంది,
పక్కటెముకలు విచ్చుకుంటాయి,
ఆ ఖాళీలోకి లోకం తనే వస్తుంది.
ఎల్సెబెత్‌లో ఆ కండరానికి కబురు అందడం లేదు.

నాలుగింటికి, పక్క మంచం దగ్గర
వీగో నొక్కుతూనే ఉన్నాడు.
నర్సు వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.
నొక్కినంతసేపూ ఛాతీ లేస్తుంది కదా,
మనిషి ఎప్పుడు వెళ్ళిపోయాడో
చేతికి తెలియలేదు.

ఎల్సెబెత్‌కి మాట లేదు.
గాలి మెడ దగ్గరే వెనక్కి తిరుగుతుంది,
స్వరతంతువుల గడప తొక్కదు.
మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, ఒంటిచేత్తో పేజీలు తిప్పుతూ
ఓడల కథ చదివేవాణ్ణి,
నిద్ర ఆపుకోవడానికి, సగం నా కోసమే.

అక్టోబరు చివర ఓ తెల్లవారుజామున
నేను నొక్కకముందే
తిత్తి నా గుప్పిట్లో కుంగింది.
అటునుంచి ఎవరో లాగారు.
చీమంత బలం.
నేను లెక్క మరిచిపోయాను.
ఆమె కళ్ళతోనే తిట్టింది.

క్రిస్మస్ ముందు గొట్టం తీశారు.
కన్నం మీద వేలు మూసి, మాట్లాడమన్నారు.
ఈసారి ఊపిరి బిగబట్టింది మేము.

తుప్పు పట్టిన గొళ్ళెం లాంటి గొంతు:
"తుఫాను వచ్చిన రాత్రి
నువ్వు రెండు పేజీలు దాటేశావు."