ముట్టుకోనిది

బ్రోకెన్ హిల్‌లో దుమ్ముకి తాళంచెవి అక్కర్లేదు.
లెస్ ట్రెవారో ల్యాప్‌టాప్ అడుగు విప్పగానే
ఫ్యాన్ రెక్కల మీంచి
చారెడు ఎర్రమట్టి రాలింది బల్ల మీద.

డిస్క్ టిక్కుమంటోంది, బల్లి పలికినట్టు.
ఎవరన్నారు ఇప్పుడు నిజం?
"బ్యాకప్ లేదు," అన్నాడాయనే,
టోపీ ఒళ్లో పెట్టుకుని.

పందెం పావురాలు. పంతొమ్మిదేళ్ల లెక్కలు.
ఏ పిట్టని ఎక్కడ వదిలితే ఎన్నింటికి గూడు చేరిందో,
ఏది చేరలేదో.

బిస్కెట్ డబ్బాలో నా పెన్‌డ్రైవ్‌లు,
ఒక్కోదాంట్లో ఒక్కో లినక్స్,
బ్యాండేజీ టేపు మీద కోడిగీతల్లో పేర్లు.

నీలంది అందగత్తె. ప్రతిదానికీ బొమ్మ, ప్రతి బొమ్మకీ మెరుపు.
రెండు జీబీ మెమరీలో కాళ్లు చాపుకునే చోటు లేక
లోగో దగ్గరే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

తెల్లది అన్నీ తెలిసినవాడు.
పార్టిషన్లు కోస్తాడు, అతుకుతాడు, పాస్‌వర్డ్‌లు మరిపిస్తాడు.
దూకుడెక్కువ. అడక్కుండానే డిస్క్ తలుపు తోసి
చెప్పులతో లోపలికి పోతాడు.
కిందటేడు ఒక స్కూలు టీచరు ఫొటోలు...
ఆ సంగతి నేనెవరికీ చెప్పను.

మిగిలింది నల్లది. మూత ఎప్పుడో పోయింది.
నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్ కూడా కదలదు.
బస ర్యామ్‌లోనే.
ఇంటివాళ్ల మంచినీళ్లు కూడా ముట్టని చుట్టం.
చదవడమే, రాయడం లేదు అని
రెండుసార్లు చెప్పి ఎంటర్ నొక్కాను.

ముందు తేలిగ్గా వచ్చేవాటిని రానిచ్చింది.
మొండికేసిన చోట్లు దాటేసి
చివర్న వెనక్కొచ్చి
ఒక్కో సెక్టారునీ బతిమాలింది.
లెస్ టీ మీద మీగడ కట్టింది.

కొండను తవ్వి ఎలుకని పట్టారంటాం మనం.
ఈ ఊళ్లో కొండను తవ్వి వెండి పట్టారు,
కొండ మిగల్లేదు.
రాత్రి పదకొండింటిదాకా తవ్వి నేను
పదిహేడేళ్లు పట్టాను. రెండేళ్లు రాలేదు.

"ఏ రెండు?"
చెప్పాను.
కిటికీలోంచి కాసేపు చూసి,
"వానలు ముంచేసిన ఏళ్లు.
అప్పుడు పిట్టలే సగం రాలేదులే," అన్నాడు.

నల్లదాన్ని పీకాను.
అది వచ్చి వెళ్లినట్టు ల్యాప్‌టాప్‌కే తెలీదు.
అరచేతిలో మాత్రం వేడిగా ఉంది.
దాని మూత కోసం బల్ల కింద మళ్లీ వెతికాను.
దుమ్మే.